ముంగిస నోటి దగ్గర ఆగిన రాగి: పాటన్‌లో జంభలుడి విగ్రహం, పని డైరీ

రోజు 1

పాటన్‌కి వచ్చి మూడు రోజులైంది గానీ పని మొదలైంది ఇవాళే. కాఠ్‌మాండూ నుంచి బాగ్మతి నది దాటితే వచ్చే ఊరు ఇది. కాగితాల్లో లలిత్‌పుర్, ఈ లోయలో పాతకాలం నుంచి ఉంటున్న నేవారుల నోట్లో యల. మహాబౌద్ధ గుడి చుట్టూ ఉన్న సందుల్లో నడుస్తుంటే ఏదో ఒక ఇంట్లోంచి సుత్తి చప్పుడు వస్తూనే ఉంటుంది. నేను పుట్టి పెరిగింది పెంబర్తిలో, ఆ చప్పుడు నాకు కొత్త కాదు. కానీ దెబ్బ వేరు. మా దగ్గర ఇత్తడి రేకు కింద లక్క ఉంటుంది, దెబ్బ మెత్తగా దిగుతుంది. ఇక్కడ పోత పోసిన రాగి మీద ఉలి పడుతుంది, ఖణేల్‌మంటుంది.

నేర్పే ఆయన శాక్యుల ఇంటివాడు. ఈ ఊళ్లో పోత పని ఎక్కువగా వాళ్లదే. పేరు రాయొద్దన్నాడు, అందుకని దాయి అనే రాస్తాను. నేపాలీలో అన్న అని. నన్ను భాయి అంటాడు. మా ఇద్దరికీ మధ్య భాష హిందీ, ఇద్దరిదీ అంతంతమాత్రమే.

చేయబోయేది ఏడంగుళాల పసుపు జంభలుడు. బౌద్ధుల ధనదేవతల్లో ఒకడు, మన కుబేరుడికి దగ్గర చుట్టం. బొద్దుగా, బొజ్జతో, లలితాసనంలో కూర్చుని ఉంటాడు. కుడికాలు కిందికి వేలాడుతుంది, దాని కింద శంఖం. కుడిచేతిలో మాదీఫలం, నిమ్మజాతి పండు. ఎడమచేతిలో ముంగిస, దాని నోట్లోంచి రత్నాలు రాలుతుంటాయి. బుద్ధుడు చేద్దామా అని దాయి అడిగితే నేనే వద్దన్నాను. బుద్ధుడి ముఖం వెంట్రుకవాసి తేడా వచ్చినా దొరికిపోతుంది, బొజ్జ ఉన్నవాడైతే కాస్త అటూ ఇటూ అయినా చెల్లిపోతుంది అనుకున్నాను. పైకి మాత్రం "నాకు ముంగిస అంటే ఇష్టం" అన్నాను. ఆయన నవ్వి, "సరే, ముంగిసే నీకు పాఠం చెబుతుంది" అన్నాడు. అప్పుడు ఊరికే అన్నాడనుకున్నాను.

రోజు 3

మైనం కలపడం. బొమ్మని ముందు మైనంలో చేసి, చుట్టూ మట్టి అచ్చు కట్టి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో రాగి పోస్తారు. తేనెమైనంలో గుగ్గిలం వేసి కరిగించి, కొంచెం నెయ్యి కలుపుతారు. ఎండాకాలం గుగ్గిలం పెంచుతారు, లేకపోతే మైనం చేతిలోనే జారిపోతుంది. చలికాలం తగ్గిస్తారు, లేకపోతే బిస్కెట్‌లా విరుగుతుంది. ఇప్పుడు దసైం (మన దసరా) అయిపోయి చలి మొదలవుతోంది కాబట్టి గుగ్గిలం తక్కువ. ఎంత అని అడిగితే కొలత చెప్పడు. చిన్న ముద్ద తీసి, నమిలి చూసి, ఉమ్మేసి "ఇంకొంచెం" అంటాడు. నేనూ నమిలాను. నాకు ఏమీ తెలియలేదు, రోజంతా పళ్లకు అంటుకునే ఉంది.

రోజు 6

మైనాన్ని రేకులుగా ఒత్తి, కుంపటి సెగకి మెత్తబరిచి బొమ్మ కడుతున్నాం. లోపల గుల్లగా ఉండాలి, గోడ మందం మూడు మిల్లీమీటర్లు. ఇక్కడ నా రేకు పని అలవాటు కాస్త పనికొచ్చింది. మందం వేలికే తెలుస్తుంది.

కొలతల దగ్గర మాత్రం పప్పులో కాలేశాను. బొజ్జ దేవుడికి కూడా కొలతలున్నాయి. గడ్డం కొస నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటి దాకా ఒక ముఖం, దాన్ని భాగాలు చేసి ఒళ్లంతా అందులోనే కొలుస్తారు. మన శిల్పుల తాళమానం లాంటిదే. కాలచక్ర అనే బౌద్ధ తంత్ర సంప్రదాయంలో బుద్ధుడి నిలువు 125 అంగుళాలు. ఈ అంగుళం టేపు మీద ఉండేది కాదు, బొమ్మ వేలి వెడల్పు నుంచి వచ్చేది. జంభలుడు పొట్టివాడు కాబట్టి ముఖాల లెక్క తక్కువ, అంటే తల పెద్దది. నేను తల చిన్నగా చేసి పెద్ద పొట్ట పెట్టాను. చూస్తే భోజనం ఎక్కువై కూర్చున్న గుమస్తాలా ఉన్నాడు. దాయి వేడి చాకుతో తల కోసేసి "మళ్లీ" అన్నాడు.

కాలచక్ర మాట వచ్చింది కాబట్టి ఒకటి. తెలంగాణ అని చెబితే ఇక్కడ పెద్దవాళ్లకి అర్థం కాలేదు, హైదరాబాద్ అంటే బిర్యానీ అన్నారు. పక్కింట్లో ఉన్న వజ్రాచార్య (నేవారుల బౌద్ధ పూజారి) తాతగారికి మాత్రం ధాన్యకటకం, అంటే ఇప్పటి అమరావతి, అనగానే ముఖం వెలిగింది. బుద్ధుడు కాలచక్రాన్ని బోధించింది అక్కడేనని టిబెటన్ల నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చింది కూడా అందుకే. మా ఊరి నుంచి అమరావతి దూరమేనని చెప్పాను గానీ, అప్పట్నుంచి ఆయన లెక్కలో నేను ధాన్యకటకం వాడినే. చాయ్ ఆయనే పోయించాడు.

రోజు 9

ముంగిస.

నాలుగుసార్లు చేశాను. మొదటిది ఉడుత, రెండోది పందికొక్కు. మూడోదాన్ని దాయి వాళ్ల మనవరాలు కుక్కపిల్ల అంది. ఫోన్లో వీడియోలు పెట్టుకుని మళ్లీ మళ్లీ చూశాను. ముంగిస మూతి సన్నగా ఉండాలి, చెవులు చిన్నగా తలకి అతుక్కుని ఉండాలి, ఒళ్లు పొడవు. ఇక్కడి ముంగిస ఇంకో రకం కూడా: నిజం ముంగిసలా ఉంటే చాలదు, సంచిలా కూడా కనబడాలి. పూర్వం వర్తకులు ముంగిస చర్మంతో డబ్బు సంచులు కుట్టించుకునేవాళ్లని, ఆ సంచే దేవుడి చేతిలో ప్రాణమున్న ముంగిస అయిందని చెబుతారు. జంభలుడి ఎడమచేయి దాని ఒంటిని నొక్కుతుంది, నోట్లోంచి రత్నాలు పడతాయి. నొక్కితే గానీ ఇవ్వని సంచి అన్నమాట. అందుకే వేళ్లు దిగిన చోట కడుపు కొంచెం లోపలికి పోవాలి. నాలుగోసారికి అది కుదిరింది. దాయి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే సర్టిఫికెట్.

రోజు 13

తిహార్ (మన దీపావళి) సెలవులు. పని లేదు.

కానీ ఇవాళ ఒక మంచి సంగతి జరిగింది. తిహార్‌లో మ్హ పూజ అని నేవారుల పండగ ఉంది. కొత్త నేపాల్ సంవత్ మొదలయ్యే రోజు, ఎవరి ఒంటికి వాళ్లు పూజ చేసుకుంటారు. నేల మీద ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో ముగ్గు లాంటి మండలం. నాకూ ఒకటి వేశారు, మొహమాటపడుతూ కూర్చున్నాను. ప్రసాదంగా చేతిలో పెట్టినవాటిలో అక్రోట్లతో పాటు ఒక పెద్ద పసుపు పండు. చూడగానే "ఇది మాదీఫలం కదా!" అని తెలుగులోనే అనేశాను. ఎవరికీ అర్థం కాలేదు. మా అమ్మమ్మ వాళ్ల పెరట్లో చెట్టు ఉండేది. ఇక్కడ దీన్ని తఃసి అంటారు. జంభలుడి చేతిలో ఉన్నది ఇదే. సంస్కృతంలో నిమ్మజాతి పండుని చెప్పే జంభీరం అన్న మాటకీ ఆయన పేరుకీ చుట్టరికం ఉంది.

నేను మైనంలో చేసింది నున్నగా, నిమ్మకాయలా ఉంది. పండగ పళ్లెంలో ఉన్నది బుడిపెలు బుడిపెలుగా, కొసన ఒక చన్ను లాంటి మొనతో ఉంది. పండు జేబులో పెట్టుకుని వచ్చాను.

రోజు 16

మాదీఫలం మార్చాను. బుడిపెలు కొమ్ముతో చేసిన పుల్ల మొనతో ఒక్కొక్కటే వేశాను. మొత్తం బొమ్మలో నాకు నచ్చిన భాగం ఇదే.

దాయి వాళ్లింట్లో పూజలో ఉండేది జంభలుడు కాదు, వసుధార. ఆరు చేతుల బంగారు తల్లి, ఒక చేతిలో వరికంకి, ఒక చేతిలో పుస్తకం. నేవారుల ఇళ్లలో ధనానికి కొలిచేది ఎక్కువగా ఆమెనే. జంభలుడి ఆర్డర్లు చాలావరకు బయటి నుంచి వస్తాయట. పైనుంచి నీళ్లు పోసి పూజించే పద్ధతి ఉంది కాబట్టి కొందరు కింద పళ్లెం పెట్టుకునేంత సైజే అడుగుతారు. మంత్రంలోనే ఆయన జలేంద్రుడు: ఓం జంభల జలేంద్రాయ స్వాహా. నాకైతే వసుధార చేతిలోని వరికంకి చూస్తుంటే అదే చేసి ఉండాల్సిందేమో అనిపించింది. ఇంత దూరం వచ్చి మనసు మార్చుకుంటే దాయి తన్నినా తంతాడు.

రోజు 18

పోతదారులు, గాలిదారులు పెట్టే రోజు. ఇది సరిగా అర్థం కాకపోతే మిగతాదంతా వృథా.

బొమ్మని తలకిందులుగా పెట్టి పోస్తారు, కింద పీఠం వైపు తెరిచి ఉంటుంది కాబట్టి రాగి అటు నుంచి దిగుతుంది. రాగి దిగే దారికి లావు మైనం కడ్డీలు, గాలి పోయే దారికి సన్న కడ్డీలు అతికించాలి. మైనం కరిగిపోయాక వాటి స్థానంలో గొట్టాలు మిగులుతాయి. తలకిందులైనప్పుడు పైకి లేచి మూసుకుపోయిన మూల ఎక్కడున్నా అక్కడ గాలి ఇరుక్కుంటుంది, రాగి వెళ్లదు. మామూలుగా కిందికి వంగి ఉండే ప్రతి భాగం దగ్గరా ఇది చూసుకోవాలి. జారుతున్న కండువా కొస, మోచేయి, ముంగిస మూతి.

బొమ్మ తూకం 180 గ్రాములు, కడ్డీలన్నీ కలిపి 225. రాగి సాంద్రత మైనానికి తొమ్మిది రెట్ల పైచిలుకు. ఇక్కడి లెక్క సులువు, పదింతలు. పోసే గిన్నెలోనూ, రాగి కరిగించే మూసలోనూ మిగిలేదానికి ఇంకొంచెం కలిపి రెండున్నర కిలోలు తూచి పక్కన పెట్టాం. పద్మపీఠం విడిగా పోస్తారు.

రోజు 19 నుంచి 41

మట్టి. మూడు వారాల మట్టిని ఒక్క పేరాలో తేలుస్తాను. మొదటి పూతలు సన్నని బంకమట్టి, ఆవుపేడ కలిపి గుడ్డతో వడకట్టిన జావ. అది బొమ్మ మీద పోసి ఆరనివ్వాలి. నీడలోనే ఆరాలి, ఎండ తగిలితే లోపల మైనం కదులుతుంది. తర్వాత ఊక కలిపిన ముతక మట్టి మందంగా వేయాలి. లోపలి గుల్లలోకి కూడా మట్టి నింపాలి. మైనం కరిగిపోయాక లోపలి ముద్ద కదలకుండా ఇనుప మేకులు గుచ్చాలి. చలి వల్ల ఆరడం ఆలస్యం. ఏ రోజూ ఏమీ కాదు. ఫొటో తీస్తే నిన్నటి ఫొటోలానే ఉంటుంది.

ఖాళీగా ఉండి చుట్టుపక్కల తిరిగాను. స్వర్ణ మందిరం అని పిలిచే హిరణ్యవర్ణ మహావిహారంలో గంటలు గంటలు కూర్చున్నాను. పూత పూసిన రాగి రేకు పని అంతా. మా బాపు చూసి ఉంటే "ఇది మన పనే కదరా" అనేవాడు. నిజానికి ఈ లోయ పనివాళ్లు ఎంత దూరం పోయారో! 1260లో ఇక్కణ్నుంచి 80 మంది పనివాళ్లు టిబెట్ వెళ్లారు, వాళ్లకి పెద్ద ఇంకా ఇరవై నిండని అరనికో. ఆ కుర్రాడు తర్వాత కుబ్లాయ్ ఖాన్ కొలువుకి చేరి, ఇవాళ్టి బీజింగ్‌లో 1279కి తెల్ల స్తూపం పూర్తి చేశాడు. నేను ముప్పై నాలుగేళ్లకి ముంగిస చేస్తున్నాను.

ఈ మూడు వారాల్లో ఇంకో పని చేశాను. మట్టి మొదటి పూత వేసే రోజు దాయి పెళ్లికి వెళ్లాడు. ముంగిస నోటి దగ్గరి సన్న కడ్డీ సరిగ్గా రత్నాల మీద నుంచి పోతోంది. పోత అయ్యాక దాన్ని కోస్తే రత్నాలు పాడవుతాయనిపించింది. మూతి చిన్నదే కదా, గాలి ఎంత ఉంటుందిలే అనుకుని కడ్డీ తీసేశాను. ఆయనకి చెప్పలేదు. ఇది పోత అయిపోయాక వెనక్కి వచ్చి రాస్తున్నాను, కాబట్టి సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది.

రోజు 44, పోత

తెల్లవారుజామున నాలుగింటికి బట్టీ ముట్టించారు. ముందు మైనం కరిగి, కింద నీళ్ల గిన్నెలోకి కారింది. ఆ మైనం మళ్లీ వాడతారు. తర్వాత మట్టి అచ్చుని ఎర్రగా కాల్చాలి. లోపల చుక్క తడి మిగిలినా రాగి తగలగానే ఆవిరై అచ్చు పేలుతుంది, కరిగిన రాగి మీద పడుతుంది. అందుకే దాయి అచ్చు దగ్గర ఎవర్నీ నవ్వనివ్వడు. రాత్రి నాకు నిద్ర లేదు. టెన్షన్‌కి చాయ్ మీద చాయ్.

మూసలో రాగి. కరగడానికి 1085 డిగ్రీలు కావాలి, పోయాలంటే ఇంకో వంద దాకా పైన ఉండాలి. ఇత్తడి అయితే ఇంతకంటే తక్కువ వేడికే నీళ్లలా పారుతుంది. ఒట్టి రాగి మొండిది. చిక్కగా కదులుతుంది, కరిగినప్పుడు గాలిని లోపలికి పీల్చుకుని గట్టిపడేటప్పుడు వదులుతుంది, బుడగలు మిగులుతాయి. మరి రాగే ఎందుకు? బంగారం పూత కోసం. సీసం కలిసిన లోహం మీద పూత మచ్చలు పడుతుంది. శుద్ధమైన రాగి మీద చక్కగా పడుతుంది. గాలి తగలకుండా పైన బొగ్గు కప్పారు. మంట అంచులు ఆకుపచ్చగా మారినప్పుడు దాయి లేచి బూట్లు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు, మళ్లీ బూట్లు వేసుకున్నాడు.

ఎర్రటి అచ్చుని పటకారుతో తీసి నేలలో గుంట చేసి నిలబెట్టారు. ఇద్దరు మూసని ఎత్తారు. పోయడం పది సెకన్లు కూడా పట్టలేదు. సన్నని తాడులాంటి ధార, తెగకూడదు. గాలిదారుల్లోంచి ఒకటి, రెండు, మూడు చోట్ల ఎర్రటి చుక్క పైకొచ్చింది. దాయి వేళ్ల మీద లెక్కపెట్టాడు. నాలుగోది ఎక్కడ అని నా వైపు చూశాడు.

అప్పుడు చెప్పాను.

తిట్టలేదు. తిడితే బాగుండేది.

రోజు 45

మట్టి పగలగొట్టాం. బొమ్మ నల్లగా, చుట్టూ కడ్డీలతో, ముళ్లపంది పిల్లలా బయటికొచ్చింది. ముఖం నిండింది. బొజ్జ నిండింది. మాదీఫలం బుడిపెలతో సహా నిండింది! ముంగిస మెడ దాకా వచ్చింది. మూతి లేదు, రత్నాలు లేవు. మెడ దగ్గర రాగి గుండ్రంగా, నున్నగా ఆగిపోయింది, ఎవరో వేలితో ఆపినట్టు. మొత్తం విగ్రహంలో ఇవ్వడానికంటూ ఉన్నది ఆ నోరొక్కటే, అదే లేదు.

బొమ్మ చేతికి తీసుకుని దాయి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ముంగిసే చెప్పింది కదా," అన్నాడు.

రోజు 47 నుంచి 58

మొత్తం మళ్లీ పోయడమా, బాగుచేయడమా? నేను మళ్లీ పోద్దామన్నాను, పాపం కడుక్కున్నట్టు ఉంటుందని. దాయి ఒప్పుకోలేదు. ముఖం ఇంత బాగా మళ్లీ వస్తుందని ఎవరు చెప్పారు అన్నాడు. అదీ నిజమే.

ముంగిస తలని మళ్లీ మైనంలో చేసి (ఈసారి గాలిదారితో!) విడిగా పోశాం. రాగి మాత్రం కొత్తది కాదు, మొదటి పోతలో మిగిలిన కడ్డీల ముక్కలే కరిగించాం. అదే రాగి అయితే రంగు కలుస్తుంది. అతకడానికి మా ఊళ్లోలా సీసం తగరం కలిపిన టంకం పెడదామంటే దాయి తల అడ్డంగా ఊపాడు. బంగారం పూతప్పుడు పాదరసం ఆవిరయ్యేంత వేడి చేస్తారు, అంటే 350 డిగ్రీల పైనే. టంకం 200 లోపే కరిగిపోతుంది. తల ఊడి నిప్పుల్లో పడుతుంది. కాబట్టి వడ్రంగులు చెక్కకి చేసినట్టు మెడలో గాడి కోసి, తలకి నాలుక వదిలి, రెండూ బిగించి, ఒక రాగి మేకు అడ్డంగా దింపి, చుట్టూ అంచుని సుత్తితో చావగొట్టాలి. దెబ్బకి దెబ్బ రాగి రాగిలో కలిసిపోతుంది.

గాడి కోయడానికే ఐదు రోజులు. అచ్చులోని ఇనుప మేకులు పోయిన చోట మిగిలిన కన్నాలకీ ఇలాగే రాగి బిళ్లలు కొట్టాం, పదకొండు. రేకు పనివాడిగా ఇక్కడ నాకు పరువు దక్కింది. అంచు చావగొట్టడం చిన్నప్పటి నుంచి చేసిందే. దాయి పక్కింటి ఆయన్ని పిలిచి చూపించాడు.

రోజు 60 నుంచి 80

చెక్కడం. ఉలి, చిన్న సుత్తి, ఆకురాయి, మళ్లీ ఉలి. నగలు, కండువా మీద పూలు, కనురెప్పలు. రేకు పనిలో వెనక నుంచి ఎత్తుతాం, ముందు నుంచి అదుముతాం. పోత బొమ్మకి వెనక లేదు, తీసింది తీసినట్టే. మొదటి వారం లోతుగా కొట్టి ఒక కంకణం పాడుచేశాను. ఎడమ కంకణం చూస్తే తెలుస్తుంది, కుడిదానికంటే సన్నం. ఇంకెవరికీ తెలియదులే.

రోజు 83

బంగారం పూత పూసే ఇంటికి వెళ్లాం. బంగారాన్ని పాదరసంలో కలిపి వెన్నలా చేసి, శుభ్రం చేసిన రాగి మీద రాసి, మంట చూపిస్తారు. పాదరసం ఆవిరై పోతుంది, బంగారం మిగులుతుంది. మొదట మసక పసుపు. అకీకు అనే గట్టి రాయితో రుద్దాక వచ్చే ఆ మెరుపు కరెంటు పూతకి రాదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. గుమ్మం దగ్గరే నిలబడి చూశాను. గదిలో ఒక పొగగొట్టం, ఒక ఫ్యాను, పూత పూసేవాడి ముఖానికి మాస్కు. ఆ ఆవిరి ఊపిరితిత్తుల్లోంచి నేరుగా రక్తంలోకి పోతుంది. ఆ కుర్రాడికి పాతికేళ్లుంటాయి.

నాకు వద్దన్నాను. దాయికి నచ్చలేదు. "బట్టలు లేకుండా పంపుతున్నావు దేవుణ్ని," అన్నాడు. "ముంగిస మెడ గీత కనబడుతుంది, పూత ఉంటే కప్పేసేది. పోనీ, మెడకి ఒక పూసల పట్టీ చెక్కు, దాని కింద పోతుంది." సలహా మంచిదే. కానీ భూతద్దం పెట్టి చూసినా నాకు గీత కనబడలేదు. అంత బాగా కలిసింది. పట్టీ చెక్కలేదు. ముఖానికి మాత్రం జిగురుతో కలిపిన బంగారు పొడి రాయించి, కళ్లు గీయించాం. అది చల్లని పని, ఎవరికీ హాని లేదు.

రోజు 88

వజ్రాచార్య తాతగారు లోపల మంత్రాల కాగితం చుట్టలు, కొంచెం ధాన్యం పెట్టించి ప్రాణప్రతిష్ఠ చేశారు. కింద రాగి బిళ్లతో మూసేశాం, దాని మీద విశ్వవజ్రం (రెండు వజ్రాయుధాలు అడ్డంగా పెట్టినట్టుండే) గుర్తు నేనే చెక్కాను. ధాన్యం ఏమైనా మీ ఊరిది ఉందా అని ఆయన అడిగారు. బ్యాగు అడుగున అమ్మ పెట్టిన అటుకుల పొట్లంలో ఒకటి రెండు వడ్లు దొరికాయి. అవీ లోపలికి వెళ్లాయి.

రోజు 112, పెంబర్తి

అమ్మ ముందు చూసింది. "గిదేందిరా, వినాయకుడా? తొండమేది?" అంది. కుబేరుడు లాంటివాడు అని చెప్పాను. "మరి చేతుల ఎలుకెందుకు?" ముంగిస అన్నాను. దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసి "ముంగిసే" అని ఒప్పుకుంది.

బాపు మాట్లాడలేదు. బొమ్మని తిరగేసి, గోరుతో తట్టి చప్పుడు విని, ఎడమ కంకణం దగ్గర బొటనవేలు ఆపాడు. నా వైపు చూసి మళ్లీ బొమ్మ వైపు చూశాడు. ఇంకెవరికీ తెలియదని రాశాను కదా, అది కొట్టేయాలి.

రోజు 131

బీరువా మీద పెట్టి మూడు వారాలు. రాగి నల్లబడుతోంది, బాగుంది, చింతపండు పెట్టి తోమొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. ఇవాళ పొద్దున కిటికీ వెలుతురు పక్కనుంచి పడినప్పుడు చూశాను. ముంగిస మెడ చుట్టూ సన్నగా, వెంట్రుకంత గీత. రెండు పోతల రాగి ఒకేలా నల్లబడటం లేదు. సన్న ఉలి పదును పెట్టి బల్ల మీద ఉంచాను. పూసల పట్టీకి పదహారు పూసలు పడతాయా, పద్దెనిమిదా అని దారం చుట్టి కొలిచి చూస్తున్నాను. దాయికి ఫొటో పంపాను. "18" అని ఒక్క అంకె పంపాడు.